తోలుగుడ్డు

ఆ మంగళారం గంపెత్తితే
గడ్డిలో గుడ్డుంది గానీ పెంకు లేదు.
అరచేతిలోకి తీసుకుంటే
లోపల ఎవురో పక్క మార్చుకున్నట్టు మెత్తగా కదిలింది.
నా యేలి గుర్తు దాని మీద అట్లే నిల్చిపోయింది.

తోలుగుడ్డు, అన్నది పక్కింటి నాగమునెమ్మ,
వంక దాటించి పారెయ్, ఎవురికీ చెప్పాకు,
ఎవురి కన్నో తగిలింటాది.
నల్లపెట్ట కాలికి నల్లదారం కడితి.
గూటి ముందర నిమ్మకాయ కోస్తి.
గురువారం ఇంగోటి.
ఈసారి పర్లపెట్టది.

మాది ఎర్రగుంట్ల పక్కన, బండల గనులకాడ.
ఏ ఇంట్లోకి పోయినా కింద బండ, గోడకు బండ, మిద్దెకు బండ,
గుడ్డలుతికేది బండ, పండుకునేది బండ,
తెల్లారేసరికి యాపాకు మీద పడుండేది గూడా బండే,
పిండి మాదిరి.
ఇంత రాయి పుట్టే ఊర్లో
నా కోడికి మాత్రం పెంకు కరువొచ్చె.

పశువుల ఆసుపత్రికి కొత్తగా వచ్చిన పిల్ల రమీజా
స్కూటీ దిగకముందే అడిగింది:
ఏమేస్తాండావక్కా?
బియ్యం.
ఇంగేమి?
బియ్యమే, స్టోరుబియ్యం.
మాపటికి?
నాకు నవ్వొచ్చింది. ఆయమ్మికి రాలే.

ఉత్త బియ్యానికి కొవ్వు పడతాదక్కా, గుడ్డు పడదు.
సొనకు ఆకు గావాల, పప్పు గావాల,
పెంకుకు సున్నం గావాల.
నువ్వీకుంటే అది యాడనుంచి తెస్తాది?
తన ఎముకల్లోంచి గీక్కోని పెడతాది.
అదీ అయిపోతే, ఇదో, ఇట్లా తోలు.

మూడో కాన్పుకు నాకు రెండు పండ్లూడినాయి.
ఆ మాట ఆయమ్మికి చెప్పలే.

దారం కోసి పారేసి చేట ముందరేసుకుంటి.
జొన్న నూక, అందులో సగం కొర్రలు,
గానుగకాడ బతిమాలి తెచ్చిన చెనిక్కాయ చెక్క
(బూజు వాసనొచ్చిన ముక్క యేరి మంటలోకి),
రోట్లో నలగ్గొట్టిన ఎండుచేప తలకాయలు,
ఉప్పు, చిటికెడంటే చిటికెడే.
మునగాకు మండ ఎత్తుగా వేలాడగడితి,
ఎగిరెగిరి పొడుచుకోనీ అని.
దిబ్బలో పాతకుండ బోర్లించి,
లోపల పేడా తడిగోనె పెడితే
నాలుగోనాడు తెల్లగా చెదలు.
కుండెత్తడమే ఆలిశం,
పిల్లలు ఒకదాని మీదొకటి పడి ఉరికొచ్చినాయి.
చేట చెరుగుతా చెరుగుతా నాలుగు కొర్రలు నేనూ నోట్లో ఏసుకుంటి.

రాయి గుర్రప్ప తెచ్చినాడు.
ఇరవై యేండ్లుగా ఊపిరిలో మోసుకొచ్చే మనిషి
ఆ పొద్దు అంగీ జోబులో తెచ్చినాడు.
కందిగింజంత ముక్కలు గావాల, దుమ్ము పనికిరాదు,
జల్లెడ పట్టు అన్నది రమీజా.
దుమ్ము సంగతి మా ఇంట్లో ఎవురూ చెప్పే పనిలేదు.

పగలంతా ఆ సత్తుగిన్నె దిక్కే చూడవు.
పొద్దు గుంకే ముందర, గూడెక్కబోతా ఆగి,
మెడ పక్కకొంచి, ఒంటికంటితో ఎంచి
నాలుగంటే నాలుగు ముక్కలు యేరుకుంటాయి.
ఎన్ని గావాల్నో వాటికి ఎవురు చెప్పినారో.
రేత్రి మేమంతా బండ మీద పండుకుంటే
గూట్లో చప్పుడు లేకుండా గోడ కట్టే పని.
పక్కన ఈయన దగ్గు.
అదే గనిలో రాయి.
ఈయన రొమ్ములో అది ఏం కడతాందో.

ఇరవై దినాలకు పన్నెండు గుడ్లు.
పదకొండు సంతకని పక్కన పెడితి.
తట్టలో బువ్వ పెట్టుకుని కూర్చుంటే
స్కూటీ చప్పుడు లేకుండానే ఆ పిల్ల గొంతు:
ఏమేస్తాండావక్కా?
బువ్వ.
ఇంగేమి?
పచ్చికారం.

లేసి పొయ్యికాడికి పోతి.
పన్నెండోది తీసి బండ అంచుకు తట్టితే
టక్కుమన్నది గానీ పగల్లే.
రెండోతూరి కొట్టాల్సొచ్చె.