ఐస్‌క్రీమ్ డబ్బాల మధ్య

మే నెల మొదటి ఆదివారం.
కర్లింగ్ రింకు వెనక ఖాళీ జాగా.
గోడ నీడలో ఇంకా కరగని మంచు
మాసిపోయి, కుక్క ముడుచుకుని పడుకున్నట్టు.

కంకర నింపిన ఐస్‌క్రీమ్ డబ్బాలు నాలుగు
లైల్ అడుగులతో కొలిచి పెట్టాడు.
"ఇదే మన చోటు. అటు చెట్టు,
ఇటు కరెంటు స్తంభం అనుకో."
చెట్టు లేదు. స్తంభమూ లేదు.
సస్కాచవాన్‌లో
అనుకోవడానికి జాగా బోలెడు.

ముప్ఫై ఒక్క వేసవులు ఈ స్టీరింగు ఆయనదే.
నేను వెనక నిలబడి చేతులు ఊపేదాన్ని,
రా, రా, ఇంకా రా, ఆగు.
ఆయన నన్ను చూడటం లేదని
ఇద్దరికీ తెలుసు.

పోయిన చలికాలం
ఆయన చూపు నడిమి భాగం పోయింది.
అంచులు మిగిలాయి.
ఇప్పుడు నా మొహం చూడాలంటే
నా చెవి పక్కకు చూస్తాడు.
లైసెన్సు తిరిగిచ్చేసిన సాయంత్రం
గరాజ్‌లో కూచుని
పానాలన్నీ సైజు ప్రకారం సర్దాడు,
వేళ్ళతో తడిమి.

అందుకని నేను పికప్పులో,
ఆయన కంకరలో.

"చెయ్యి స్టీరింగు పైన కాదు, ఆర్డిత్,
అడుగున పెట్టు. ఆరు గంటల దగ్గర.
నీ చెయ్యి ఎటు పోతే
తోక అటు పోతుంది. కొంచెమే."

కొంచెం అంటే ఎంతో చెప్పలేదు.
చల్ల చిలికినట్టు తిప్పాను.
ఇరవైరెండు అడుగుల తెల్ల ట్రైలరు
ముందు విననట్టు నటించింది,
ఆ తర్వాత ఒక్కసారిగా విని
చాకు మడత పడ్డట్టు
నా తలుపు మీదికి వచ్చింది.
చిట్లిన చప్పుడు.
వెనిల్లా డబ్బా.

"ముందుకు లాగి మళ్ళీ మొదలుపెట్టు.
అదేం తప్పు కాదు, నేనూ లాగేవాణ్ణి."
ఎప్పుడు?
"నువ్వు స్నానాల గదికి పోయినప్పుడు."

నేను క్రెడిట్ యూనియన్ కౌంటర్లో
ఇరవైతొమ్మిదేళ్ళు పనిచేశాను.
ఓసారి ఏడు సెంట్లు తేడా వస్తే
చివరి రసీదు నుంచి వెనక్కి, వెనక్కి
రాత్రి తొమ్మిది దాకా నడిచాను.
దొరికింది.
కళ్ళద్దాలు తుడుచుకున్నాను.
చెయ్యి అడుగున పెట్టాను.

రింకు చూసుకునే మెట్రో నాతియుక్
కాఫీ కప్పుతో బయటికొచ్చి నిలబడ్డాడు.
ఏమీ అనలేదు.
ఈ ఊళ్ళో ట్రైలరు చూసి
సలహా ఇవ్వని మొదటి మగాడు.

ఐదోసారి,
అద్దంలో లైల్ లేడు.
ఎడమ అద్దంలో లేడు. కుడి అద్దంలోనూ.
మనిషి కనబడకపోతే ఆగాలి,
అదొక్కటే మా ఇంట్లో ఎప్పుడూ తప్పని రూలు.
బ్రేకు తొక్కాను.
మోకాలు వణికింది.

కిటికీ దించి కేకేశాను.
"ఇక్కడే ఉన్నా. రా."
దిగి చూశాను:
వెనక మూల రేకు మీద అరచెయ్యి ఆనించి
గుర్రం పక్కన నడిచేవాడిలా ఉన్నాడు.
ఏ చక్రం కింద కంకర గట్టిగా నలుగుతుందో
తల వంచి వింటున్నాడు.
"చేతులు ఊపడం ఎందుకు," అన్నాడు,
"మెల్లిగా రా. గట్టిగా చెప్తా."

మళ్ళీ ఎక్కాను.
ఎడమ. ఎడమ. చాలు. నిటారుగా.
ఇప్పుడు దాని వెంట పో.
ఆ గొంతు
ఒక్కో అడుగూ వెనక్కి జరుగుతుంటే
దాని వెంటే జరిగాను.

ఆగు.

కాలితో తడిమి డబ్బాలు లెక్కపెట్టాడు.
మూడూ నిలబడే ఉన్నాయి.
"నేరుగా ఉందా?"
అడుగున్నర వంకర.
"నేరుగానే," అన్నాను.
అరచెయ్యి గోడ వెంట
ఈ చివరి నుంచి ఆ చివరికి జరిపాడు.
మూతి బిగించాడు, నవ్వు ఆపుకునేటప్పుడు బిగించినట్టు.

మెట్రో కాఫీ అడుగు మంచు మీద పారబోసి
లోపలికి పోయాడు.

"సరే, ఇప్పుడు కుడి పక్క నుంచి.
డ్రైవరుకు కనిపించని పక్క. దాన్ని..."
ఆ మాట దగ్గర ఆగాడు.
నేనూ ఆగాను, ఇంజను ఆడుతూనే ఉంది.

"గుడ్డి పక్క అంటారు," అని
నా చెవి వైపు చూస్తూ
ఆయనే ముందు నవ్వాడు.