ఇరవై అడుగులు

సముద్రం చూడని ఊర్లో
సముద్రపు తుప్పు గీకుతాండా.

గుత్తి బైపాసు పక్కన, కంకర మిల్లు దాటినంక మా షెడ్డు.
రేవు నుంచి ట్రైలరెక్కి వచ్చి దిగిందిది.
ఇనుప పెట్టె, ఇరవై అడుగులు,
ఒక మూలకు క్రేను కొక్కెం తగిలిన సొట్ట,
తలుపు మీద నాకు రాని బాసలో నాలుగక్షరాలు.
ఏమి మోసిందప్పా ఇది అంటే
"రబ్బరో ఏమో" అని డ్రైవరు బీడీ ముట్టించె.

ఇల్లు కట్టేవాళ్లు ముగ్గు పోస్తారు.
నాకు సుద్దముక్క చాలు.
కిటికీ అంటే ముందు
గ్యాసు కట్టరు కింద ఎర్రబడి
ఖణేల్మని కిందపడే రేకు.
ఆనక దాని జాగాలో గుత్తి కొండ నిలబడతాది.

రెండు పక్కలా గోడలకు మడతబందులు వేసినా.
గోడ వాలి నేలయితాది,
దాని అంచున ఇంకో గోడ లేస్తాది,
పైరేకు జరిగి వచ్చి కప్పుతాది.
ఒక అర్ర మూడర్రలు.
మడిస్తే మళ్లీ లారీకెక్కే పెట్టె.

ఎండకని, రేకుకూ రేకుకూ నడుమ
శెనక్కాయ పొట్టు దట్టించినా.
సున్నంలో తడిపి ఆరబెట్టిందే లెండి, అంటుకోదు.
ఇంజినీరు చూసి నవ్వె.
లోపల థర్మామీటరు పెట్టి చూసి
నవ్వు మానె.

ఇది పదకొండోది.
ఒకటి చెక్‌పోస్టు అయింది, ఒకటి కంటి ఆపరేషన్ల క్యాంపు,
ఒకటి బేతంచెర్ల నాపరాళ్ల గనికాడ గుమాస్తాకు.
ఇది పత్తికొండ దావలో గాలిమరలు నిలబెట్టేవాళ్లకు, ఏడాదికి.
పని తీరితే ఇంకో కొండకు.

సద్ది తెచ్చి దస్తగిరమ్మ అనె:
"ఎందరి ఇండ్లకో టాకాలేస్తివి.
మన ఇంటి దావ
బాడుగ అడిగేటోనికి ఒక్కనికే తెలుసు."
నేను మొగం మీదికి మాస్కు దించుకున్నా.
వెల్డింగోనికి అదొక సుఖం.

ఆ సాయంత్రం రావాల్సిన లారీకి
డోన్‌కాడ టైరు పేలింది. తెల్లారి వస్తామనిరి.
దస్తగిరమ్మ పెట్టెను చూసె, నన్ను చూసె.
నేను బోల్టులు విప్పినా.

మూడర్రలూ తెరిస్తే
మా నూరీ మూడింట్లో దూరి
తలుపు మూసుకునింది,
మళ్లీ తెరిచింది,
మళ్లీ మూసుకునింది.
లోపల ఏమి చేస్తాందో అని చెవి పెడితే
ఏమీ చేయడం లేదు.

"పాలు పొంగిచ్చాల్నా?" అంటి.
"పొంగిస్తే ఇల్లయిపోతాది,
వద్దులే" అని ఆమె స్టవ్వు ముట్టించి
"టీ పెడదాం" అనె.
మాటల్లో పడి
టీ పొంగె.
నురగ గిన్నె దాటి నేలంతా పారె.
ఎవరమూ ఏమీ అనలే.

రేయంతా ఇనుము చల్లబడతా
టక్ టక్ అంటాండింది.
"నీళ్ల నడుమ కూడా ఇట్లే అనింటాదా?"
"అనింటాది. వినేటోళ్లు ఉండరు."
ఆమె నా పక్కకు తిరిగి పండుకునింది.
పెండ్లయిన పద్నాలుగేండ్లలో మొదటిసారి
పక్కింటోళ్లకు దగ్గు వినబడని గోడ.

తెల్లారకముందే హారను.
చాప చుట్టినాం, స్టవ్వు దించినాం, ఊడిసినాం.
నేలను ఎత్తి గోడ చేస్తాంటే
టీ మరక లేచి నిలువుగా నిలబడె,
జానెడు వెడల్పు, ఒక పక్కకు కారినట్ల.
ఆమె చేతిలో తడిగుడ్డ ఉండె.
తుడవలే.
తుడువు అని నేను అనలే.

"లోపల ఏమన్నా ఉండాయా?"
చీటీ రాసుకుంటా అడిగె డ్రైవరు.
"ఏం లేదప్పా, ఖాళీ."

నూరీ బడికి పోయినంక
ఇంకో పెట్టె దిగింది.
దీనికి సొట్టలు రెండు.