పడుతుంది, పడదు

మా నాయన అరచేతిలో టెంకాయ పెట్టుకుని
ఊళ్లోవాళ్ల చేలల్లో నడిచేవాడు.
టెంకాయ నిలువుగా లేచిన చోట
మడమతో ఒక గీత గీసి
"ఈడ పడతాది" అనేవాడు.
పడటమంటే ఆయనకు నీళ్లు.

నాకు పడటమంటే బీపీ.
జహ్రా ఆసుపత్రి, మూడో థియేటర్.
నడుములో సూది దిగిన కాసేపటికే
తల్లి రక్తపోటు జారిపోతుంది.
అందరికీ కాదు. ఎవరికి అన్నదే లెక్క.
డాక్టర్ షాహినాజ్ నాకొక నీలం అట్ట నోటుబుక్కు ఇచ్చింది.
"సూదికి ముందే రాయి.
తరువాతైతే అందరూ జ్యోతిష్యులే."

గుండె వేగం చూస్తాను.
పక్కకు తిరిగితే ఒక కొలత, వెల్లకిలా ఒక కొలత.
వేలికి తగిలించిన క్లిప్పు చెప్పే చిన్న అంకె చూస్తాను.
అది పెద్దదైతే నాళాలు అప్పటికే వదులు,
మందు తగిలితే ఇంకా వదులు,
గట్టు తెగిన మడిలో నీళ్లలా
నెత్తురంతా కాళ్ల వైపు వాలిపోతుంది.
ఆఖరున వేళ్లు పట్టుకుంటాను.
వెచ్చగా ఉంటే నాకు అనుమానం.
ఈ సంగతి నోటుబుక్కుకు చెప్పను.

ఆ రోజు దుమ్ముగాలి.
పార్కింగులో కార్లన్నీ ఒకే రంగు.
దస్తగిరమ్మది లక్కిరెడ్డిపల్లె,
మొగుడు టైర్ల షాపులో పని.
సంతకం పెట్టమన్న అరబ్బీ కాగితం నా వైపు తిప్పి
"ఏం రాసినారక్కా ఇందులో" అంది.
అంతా చదివి చెప్పాను.
గుండె ఎనభై రెండు.
క్లిప్పు అంకె రెండు పాయింట్ ఒకటి.
వేళ్లు చల్లగా.
రాశాను: పడదు.

గడ్డం రొమ్ముకు ఆనించి కూర్చుని
నా భుజం ఎంత గట్టిగా పట్టుకుందంటే
ఇంటికొచ్చి చూస్తే నాలుగు గోళ్ల గుర్తులు.
పడుకోబెట్టి, కుడి తుంటి కింద దుప్పటి మడిచి పెట్టాం.
"కాళ్లు ఎవురివో మాదిరుండాయక్కా."

నిమిషం. నూట పదహారు.
నిమిషం. నూట పన్నెండు.
నోటుబుక్కు మూశాను, కాస్త గర్వంగానే.

అప్పుడామె ఆవులించింది.

నిద్ర చాలని మనిషి ఆవులింత కాదది.
నోరు ఊరికే తెరుచుకుంది,
పెదవుల్లో రంగు ఎటో వెళ్లిపోయింది.
చేతి పట్టీ ఇంకా గాలి నింపుకుంటోంది, అంకె రాలేదు.
"కడుపులో దేవుతాందక్కా, ఎట్లనో అవుతాంది."
నేను చెయ్యి ఎత్తానంతే.
షాహినాజ్ సిరంజి అప్పటికే సగం తోసింది.
డెబ్భై ఆరు, అంది మానిటర్,
ఇల్లు కాలాక వచ్చిన ఫైరింజనులా.

నిమిషం. తొంభై నాలుగు.
తల కింద నా అరచెయ్యి, పక్కన వాంతికి తెచ్చిన ట్రే.
నిమిషం. నూట ఎనిమిది.
పచ్చగుడ్డ అవతల ఎవరో "బింత్" అన్నారు.
వెంటనే ఏడుపు, థియేటరంతా.
"అచ్చం మా యత్త గొంతే"
అని దస్తగిరమ్మ కళ్లు మూసుకునే నవ్వింది.

డ్యూటీ దిగేముందు నోటుబుక్కు తీశాను.
నాయన డైరీలో పడిన బోర్లే ఉండేవి.
ఊరి పేరు, ఎన్ని అడుగులు, ఎన్ని ఇంచుల నీళ్లు.
ఎండినవి రాయలేదు.
మా సొంత చేలో ఎండిన మూడూ రాయలేదు.
ఆ మూడింటి అప్పే
నన్ను కువైట్ విమానం ఎక్కించింది.

"పడదు" మీద పెన్ను ఆనించాను.
ఎవరూ చూడట్లేదు.
షాహినాజ్ నమాజుకు వెళ్లింది.
కాసేపు అట్లాగే కూర్చుని
పక్క గడిలో రాశాను:
పడింది. మూడో నిమిషం. ముందు ఆవులించింది.

ఆవులింతకు ఆ పుస్తకంలో గడి లేదు.
స్కేలు కోసం వెతికాను, దొరకలేదు.
చేత్తోనే ఒక గీత గీశాను,
కొంచెం వంకరగా.