రాని వాటి లెక్క

గంటస్తంభం దగ్గర, మెట్ల కింద కొట్టు నాది.
ఇద్దరు నిలబడితే మూడోవాడు రోడ్డు మీదే.

నెల్లిమర్ల జూట్‌మిల్లులో రాత్రి షిఫ్టు దిగి
తిన్నగా ఇక్కడికే వచ్చాడు గేదెల అసిరయ్య.
కనుబొమల మీద ఇంకా నార.
"మా గుంటకి ఇంజినీరింగ్ సీటొచ్చినాది బాబూ.
ఏ కంపెనీది కొంటే నాలుగేళ్లు ఆగుతాది?
కడుపులు కోసి సూసినోడివి కదా, నువ్వే సెప్పు."

కోసి చూసినవాణ్నే.
మూత మీది పేరు నాకు చివర్న కనబడుతుంది,
ముందు బోర్లించి పొట్టే చూస్తాను.
ఒకడు పదకొండు మరలు పెడతాడు, పదకొండూ ఒకే పొడవు.
ఒకడు తొమ్మిదే పెట్టి, అందులో రెండు
రబ్బరు కాళ్ల కింద దాస్తాడు, దొంగసొత్తులా.
ఒకడి కీలు ఇత్తడి గడియలా పడుతుంది,
ఒకడిది మూడో వానాకాలానికే
పక్కనున్న ప్లాస్టిక్కుని పెరుక్కుని మరీ లేస్తుంది.
ఇక బ్యాటరీలు,
నూనెలో పూరీల్లా పొంగినవి ఎన్ని తీశానో.

పుస్తకం తెరిచాను. నాలుగేళ్ల రాత.
చింతపల్లి లైట్‌హౌస్ వైపు నుంచి వచ్చినదాంట్లో ఉప్పు,
ఛార్జర్ పెట్టే చోట పచ్చగా చిలుము.
పొందూరుదాని ఫ్యానుకి దూది,
పట్టకారుతో లాగితే
పోగై వచ్చింది, తెగకుండా.
ఒక టీచరుగారి దాంట్లో చీమల గుడ్లు.
మీసేవ కుర్రాడి దాంట్లో అగరొత్తి బూడిద.
బొండపల్లి ఆర్‌ఎంపీ డాక్టరు దాంట్లో ఒక ముక్కుపుడక.
ఎవరిదో ఆయన చెప్పలేదు,
నేను అడగలేదు.

వీటికి ఏ కంపెనీ పూచీ?
వారంటీ కాగితంలో ఉప్పుగాలి లేదు.
వచ్చినట్టే వచ్చి, ఒక్క గుద్దు గుద్ది
మళ్లీ పోయే కరెంటు లేదు.

అయినా వేలు పెట్టి లెక్కపెట్టాను.
వెండిరంగు మూతది నలభై ఒకటి.
నల్లమూతది ఇరవై ఆరు.
ఎర్రగీతది ఎనిమిది.
"అయితే ఎర్రగీతదే నికరం" అన్నాడు అసిరయ్య.
అతను పైకి అనేదాకా నేనూ అదే అనుకున్నాను.

వినగానే ఎక్కడో మర వదులైంది.
ఈ ఊళ్లో వెండిమూతవి ఎన్ని అమ్ముడయ్యాయి? తెలీదు.
ఎర్రగీతవాళ్లు పాడైతే నా మెట్లు దిగుతారా,
విశాఖపట్నం బస్సెక్కుతారా? తెలీదు.
అసలు పాడవని వాటికి నా పుస్తకంలో పేజీ లేదు.
ఏ కంటోన్మెంటు సందులోనో ఒకటి
పదేళ్లుగా పొద్దున లేచి రాత్రి పడుకుంటూ ఉండొచ్చు,
దాని పొట్టలో మరలెన్నో నేనెప్పటికీ చూడను.
ఆస్పత్రి వరండాలో బెంచీ తుడిచేవాణ్ని
ఊరి ఆరోగ్యం అడిగినట్టుంది ఈ బేరం.

అదే చెప్పాను.
అసిరయ్య కాసేపు చేతుల మీది నార దులుపుకున్నాడు.
"మిల్లులో మా మగ్గమూ అంతే.
పేరున్న రేకు ఎప్పుడో ఊడిపోనాది.
ఎవుడు సేసినాడో ఎవుడికీ తెల్దు.
పొద్దున్నే నూని పోస్తాం.
సప్పుడు మారితే ఆపేస్తాం.
ముప్పయ్యేళ్లు."

ఒకే ఒక్క మాట సాయం చేశాను:
షాపులో ఒంటి వేలితో మూత లేపు,
కింది సగం కూడా లేచి వస్తే
ఎంత తగ్గించినా కొనకు.
తలూపి, నెల్లిమర్ల ఆటో కేకేస్తే పరిగెత్తాడు.
మా గుంటని తీసుకొస్తానన్నాడు. ఏ వారమో చెప్పలేదు.

సాయంత్రం బిల్లులు కొడుతుంటే
నా మెషిన్ ఫ్యాను గొంతు మార్చింది.
ఇది ఏ కంపెనీదో అతను అడగలేదు, మంచిదే.
మూత ఒకదానిది, కీబోర్డు ఇంకోదానిది,
తెర, పూసపాటిరేగలో ఎవరో వదిలేసుకున్నది.
'క' కొడితే రెండుసార్లు పడుతుంది.

ఆపేశాను.
బోర్లించి, మరలు తీసి
ఉఫ్ అని ఊదితే
బంగారం రంగులో ఒక నార.