వేలిముద్ర రాని మనిషి

స్టేనున్‌కి సంతకం వచ్చు.
తండ్రి పేరు కూడా కలిపి
గొలుసుకట్టుగా రాస్తుంది.
రానిది వేలిముద్ర.

ముప్పయ్యొక్క ఏళ్లు కాడ్ చేపల వెన్ను చీల్చిన చేతులు.
ఉప్పు, మంచు, కత్తి పిడి
మూడూ కలిసి గీతలన్నీ అరగదీశాయి.
గాజు పలక మీద బొటనవేలు ఆనిస్తే
యంత్రానికి కనిపించేది
కడిగి బోర్లించిన పళ్లెం.

కంటిపాప చూద్దామన్నారు. ఈ ఐస్‌లాండ్ ఒడ్డున
తెల్లవారుజాము గాలికి ఎవరి కళ్లు ఊరుకుంటాయి,
అందరివీ నీళ్లే.
గొంతు విందామన్నారు. జనవరిలో ఊరందరిదీ ఒకటే దగ్గు.
అప్పుడు నన్ను పిలిచారు, పోలండ్ నుంచి,
గుండెతో తెరుచుకునే తలుపు బిగించమని.

అక్టోబరులో ఆమె మణికట్టుకి పట్టీ కట్టి
రెండు నిమిషాలు కదలకుండా కూర్చోమన్నాను.
"ఏం ఆలోచించాలి?"
ఏమీ వద్దన్నాను.
"అది నాకు చేతకాదు. గొర్రెల గురించి ఆలోచిస్తాను."
తెర మీద గీత నడిచింది:
ఓ చిన్న గుట్ట, ఉన్నట్టుండి నిట్టనిలువు కొండకొమ్ము,
ఓ గుంట, తర్వాత తీరిగ్గా ఒక దిబ్బ.
ఆమె కిటికీలోంచి చూసి, తెర వైపు చూసి,
"ఇది మా ఎదుటి ఒడ్డే కదా" అంది.

తన పేరులో రాయి ఉందని చెప్పింది. స్టేన్ అంటే రాయట.
గుండె రాయి చేసుకోమని కష్టంలో అంటారే,
ఈమెకి ఆ శ్రమ లేదు, బారసాలనాడే చేసిపెట్టారు
అనుకున్నాను.

తలుపు రోజూ తెరుచుకుంది.
నూటికి తొంభైఏడు పాళ్లు ఆమె ఆమే.
డిసెంబరులో తొంభైమూడు.
పట్టీ తడిసిందనుకున్నాను.
ఎనభైఎనిమిది.
కొత్త పట్టీ ఇచ్చాను. అంతే చేశాను.

ఫిబ్రవరిలో ఒక సోమవారం, చీకట్లో,
తలుపు ఎర్రదీపం వేసింది:
మీరు మీరు కారు.
డబ్బా చంకలో పెట్టుకుని ఆమె నవ్వింది.
"మా ఆయన పాతికేళ్లుగా ఇదే అంటున్నాడు."
మళ్లీ మణికట్టు ఆనించింది. మళ్లీ ఎరుపు.
వెనక నలుగురు మంచులో
కాళ్లు మార్చి మార్చి నిలబడ్డారు.

లోపల నేను గీత చూస్తున్నాను.
కొండకొమ్ము ఉంది. దాని ముందుండే చిన్న గుట్ట లేదు.
ఆ చోట సన్నటి వణుకు,
నీళ్ల మీద తుంపర పడుతున్నట్టు.
నేను డాక్టర్ని కాను, తాళాలవాణ్ణి.
అయినా చెవి అరిగిందో విరిగిందో
తాళాలవాడికి తెలియదా.

మేనేజర్ ఆర్న్‌గ్రీమూర్ నా భుజం మీదుగా వంగాడు.
"ఈమె పనికొస్తుందా, రాదా? ఆ గీత నాకు పంపు."
పట్టీ తడిసిందన్నాను.
ఒకసారి నేను నమ్మిన మాటే,
అబద్ధంగా వాడుకోవడం తేలికైంది.
తర్వాత చేసింది ఎక్కడా రాసుకోలేదు:
ఆమె పేరు పక్కన హద్దుని డెబ్భైకి దించాను.
ఆ సందులోంచి ఇంకెవరైనా దూరొచ్చు.
దూరనీ. లోపల ఏముంది, చేపతలలు తప్ప.

తొడుగులు తొడుక్కుంటుంటే దగ్గరికెళ్లి
ఇవాళ కత్తి పట్టొద్దు, ఆసుపత్రికి వెళ్లు అన్నాను.
"తలుపు చెప్పిందా?"
తలుపే చెప్పింది.

ఏప్రిల్‌లో తిరిగొచ్చింది. ఎడమ జత్రువు కింద
అగ్గిపెట్టెంత ఉబ్బు. తాకి చూడమంది, నేను తాకలేదు.
మళ్లీ రెండు నిమిషాలు కూర్చోబెట్టాను.
గొర్రెల సంగతి ఎత్తలేదు.
ఈసారి ప్రతి కొమ్ముకీ ముందు
నిలువుగా ఒక సన్నని పుల్ల,
తాడుతో కొలిచి పాతినట్టు.
"మా ఒడ్డు కాదిది" అంది. "కంచె."

నూటికి తొంభైతొమ్మిది. ఒక్కరోజూ తప్పదు.
పొద్దున్నే ఆమె రొమ్ములోని పెట్టె
తలుపులోని పెట్టెని పలకరిస్తుంది.
అది దారిస్తుంది.
ఆ రెండూ ఏం మాట్లాడుకున్నాయో పట్టనట్టు
డబ్బా ఊపుకుంటూ స్టేనున్ నడిచిపోతుంది.

హద్దు ఇంకా డెబ్భై దగ్గరే ఉంది.
పైకి జరపాలి.
జరపలేదు.