ఉత్తుత్తి అంకె

ఎనుమాముల యార్డు మీద, అడ్తిదారుల మేడగదిల
సున్నమేసిన గోడే మాకు తెర.
ప్రొజెక్టరు ఎలగంగనే
మా మూడు వారాల కష్టం
బూడిదరంగు డబ్బాలై గోడకు అతుక్కున్నది.
కిటికీలకెల్లి మిర్చి ఘాటు.
వాళ్లకు అలవాటే,
తుమ్మింది నేనూ అఫ్రోజే.

"ఇది ఇంక యాప్ కాదు సార్,
ముగ్గుకు ముందు పెట్టుకునే చుక్కలసొంటిది" అన్న.
గందె నాగభూషణం గారు కండ్లద్దాలు పైకి నెట్టి
"చుక్కలకేనా మొదటి కిస్తు ఇచ్చినం?" అన్నడు.
అందరు నవ్విండ్రు. నేను గూడ నవ్విన.
కొటేషన్ల రాయలే గాని
అదిగూడ పనిల భాగమే.

అఫ్రోజ్ మౌసు మీదికెల్లి చెయ్యి తియ్యకుంట
కాపలా కాస్తున్నడు.
పన్నెండు బటన్లల్ల ఐదే పనిచేస్తయి.
ఏది నొక్కొద్దో మా ఇద్దరికే తెలుసు.

రైతు పేరు. ఊరు. రకం: తేజ, వండర్ హాట్, చపాట.
బస్తాలు. తేమ. కాంటా. తక్‌పట్టీ.
ఒక్కొక్క డబ్బా తెరుస్తుంటె
ఒక్కొక్కరికి ఒక్కొక్క నొప్పి.
"మా దుకాణం పేరు అన్నిటికంటె పైన రావాలె."
"మిర్చి యాప్‌ల ఎరుపే లేకపాయెనమ్మా!"
"తరుగు డబ్బా గంత పెద్దగ ఎందుకు? మూలకు జరుపుండ్రి."
రాసుకున్న.
మూలకు అని రాసి, కింద రెండు గీతలు కొట్టిన,
ఎందుకో నాకే తెల్వదు.

ఐదో తెర: ఇయ్యాల్టి జెండా పాట.
నడిమిట్ల పెద్ద డబ్బా,
అండ్ల క్వింటాలుకు
ఇరవై రెండువేల రెండువందల ఇరవై రెండు.
అర్ధరాత్రి నిద్రకండ్లతోని
రెండు మీద వేలు నొక్కిపట్టిన, గంతే.
అంకెలకు వెడల్పు సరిపోతదా చూద్దామని.

తలుపు కాడ ఎవరో దగ్గిండ్రు.
తువ్వాల ముక్కుకు కట్టుకున్న రైతు,
చేతిల గేటు చిట్టి, చూపు గోడ మీద.
"ఇరవై రెండు పలికిందా బిడ్డా? ఎవలి రాశి?
పొద్దుగాల పద్నాలుగున్నరే అన్నరు…
మాది గూడ తేజానే."

గదిల ఫ్యాను చప్పుడొకటే.
"అది నిజం కాదు బాపూ, ఉత్తుత్తి అంకె.
జాగ కోసం పెట్టినం."
"జాగ కోసమా" అన్నడు.
కోపం లేదు. మాట రుచి చూసినట్టు
మళ్లొకసారి, "జాగ కోసం."

దగ్గరికొచ్చి చూడబోతె వెలుగుకు అడ్డమొచ్చిండు.
అంకె గోడ ఇడిసి ఆయన అంగి మీద పడ్డది,
ఐదు రెండ్లు,
గుండీల కాడ వంకర్లు తిరిగి.

"మరి నిజమైంది యాడ వస్తది?"
"గీండ్లనే బాపూ. ఇదే డబ్బాల."
"ఎవలు ఏస్తరు?"

నేను నాగభూషణం గారి దిక్కు చూసిన.
ఆయన ఫోను దిక్కు చూసిండు.
నలభై తెరలు, నూటపది బాణాలు గీసినం.
ఈ డబ్బాలకొచ్చే బాణం
ఎక్కడ మొదలైతదో మాత్రం గీయలేదు.
ఎవరూ అడగలేదు, మేమూ అడగలేదు.

కింద మైకుల ఏదో నంబరు పిలిచిండ్రు.
చిట్టి చూసుకొని ఆయన పోయిండు.
మెట్ల మీద చెప్పుల చప్పుడు
శానసేపు వినబడ్డది, లేకుంటె నాకట్ల అనిపిచ్చింది.

"అంకె మంచిగున్నదమ్మా,
ఆఖరి దాంట్ల గూడ గట్లనే ఉంచుండ్రి, కళగున్నది"
వెనకకెల్లి ఎవరిదో గొంతు.
నేను ఐదుసార్లు చెరిపేసిన.
ఐదు అడ్డగీతలు పెట్టిన.
అఫ్రోజ్ నా మొకం చూసి, మౌసు ఇడిసిపెట్టిండు.

దిగినంక కాంటాల నడుమ ఆయన కోసం ఎతికిన.
అన్ని ముక్కులకు అవే తువ్వాలలు.
నేలంత తాలుకాయ, తొక్కితె కరకర.

ములుగురోడ్డు సిగ్నలు కాడ బండి ఆపి
"గా బాణం ఏడికెల్లి గీద్దాం?" అన్నడు అఫ్రోజ్.
చెప్దామని నోరు తెరిచిన.
తుమ్మొచ్చింది.