గీటు

లాంగ్టన్ సంతలో శనివారం పూట
కప్పుని ఎవరూ కప్పులా చూడరు.
ముందు బోర్లిస్తారు.
పువ్వులూ బంగారు అంచూ తర్వాతి సంగతి,
అడుగు చూసి గానీ మొహం చూడని ఊరు మాది.
పెళ్ళి విందులో పళ్ళెం కింద ఎవరి పేరుందోనని
ఒళ్ళో గ్రేవీ ఒంపుకున్న మామయ్య ఉన్నాడు నాకు.

నేను కొని అమ్ముకునేవాణ్ణి.
పోయినవాళ్ళ వంటిళ్ళు ఖాళీ చేసి
అరటిపళ్ళ పెట్టెల్లో సర్దుకొస్తాను.
అలా వచ్చిందే ఈ టీ కూజా, ఆరు పౌన్లకి.
అడుగున కిరీటం, కిరీటం కింద ముడి,
ముడి కింద నీలంగా 'హాస్ల్‌వుడ్, బర్స్‌లెమ్'.
ఇంగ్లాండ్ అన్న మాట ఎక్కడా లేదు.
లేకపోతే పాతది, ఉంటే కాస్త కొత్తది,
'ఇంగ్లాండులో తయారు' అని ఉంటే మా నాన్న కాలంది.
ఈ వ్యాపారంలో అఆలు అంతే.
తొంభై అయిదు అని చీటీ కట్టాను.

తొమ్మిదిన్నరకి ఆల్మా కోక్లీ వచ్చింది
చక్రాల సంచీ లాక్కుంటూ.
ఎనభై మూడేళ్ళు. అందులో ముప్ఫై ఒకటి
ఆవం దిగిన సరుకు ఏరే గదిలో గడిచాయి.
కూజాని బోర్లించి
కళ్ళజోడు తుడుచుకుంటుందనుకున్నాను,
కళ్ళే మూసుకుంది.
బొటనవేలి గోరు కిరీటం మీంచి నడిచింది,
ముడి దాటింది,
పేరు మధ్యలో
రాయి తగిలిన చెప్పులా ఆగింది.

"డక్," అంది
(ఇక్కడ బిషప్పయినా బస్సు డ్రైవరైనా బాతే)
"ఇక్కడో గీటు ఉండేది. ఎవరో పూడ్చారు."

మెరుగు కింద అక్షరం గోటికి అందదు.
మెరుగు మీద పూసింది అందుతుంది.

ఒక పొక్కు, ఒక మచ్చ,
మూత వెంట్రుకవాసి వంకర,
అలాంటిది చేతికొస్తే
సాన చక్రానికి ఒక్కసారి ఆనించేవాళ్ళట,
సరిగ్గా పేరు మీద.
ఇది మాదే, బాగా రాలేదు, అని.
కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అంటారు కదా,
గీటు ఆ పెట్టు కాదు.
పగలగొట్టడానికి మనసు రాక
ఒప్పుకున్న మాట.
"నా చెయ్యి కాదులే. నాకంటే చాలా ముందు ఎవరో," అని
కూజాని పసిపిల్లలా వెల్లకిలా పెట్టి
చేపల కొట్టు వైపు వెళ్ళిపోయింది.

నాకు తెలియదు, అనొచ్చు.
తొమ్మిదిన్నర దాకా అది నిజం.
ఆ తర్వాత అదే మాట,
ఒక్క అక్షరం మారకుండా, అబద్ధం.

పదింటికి లీక్ నుంచి పళ్ళ డాక్టరు
బ్యాంకు నోట్లు తెచ్చాడు, చెప్పినట్టే.
ఆల్మా పక్కనే ఉంటే సులువయ్యేది.
చెప్పాను.
చెబుతున్నంతసేపూ గొంతు
ఎవరో పక్కింటాయనది.
పుచ్చులు పూడ్చే మనిషి,
పూడ్చిన చోటుని చాలాసేపు చూశాడు.
"పని బాగానే చేశాడు," అన్నాడు.
నోట్లు మడిచి లోపలి జేబులో పెట్టుకున్నాడు.

ఆ రాత్రి గోళ్ళ రంగు తుడిచే మందు
దూదికి అద్ది రుద్దాను.
నీలం కరిగింది.
కింద తెల్లగా గీటు,
మొన్ననే గీసినంత శుభ్రంగా.
చీటీ మార్చాను: రెండో రకం, పద్దెనిమిది.
మూడు శనివారాలైంది, ఎవరూ కొనలేదు.
టీ కాచి చూశాను,
మూత దగ్గర నిజంగానే కారుతుంది.

ఇక్కడితో ఆపితే నాకు మంచిది.
కానీ నిరుడు బక్స్‌టన్ ఆవిడకి అమ్మిన పాల జగ్గు ఉంది.
దాని అడుగునా నా గోటికి ఏదో తగిలింది.
ఏమిటని ఆగలేదు.
కాగితంలో చుట్టి ఇచ్చి
ఆ సాయంత్రం
గోళ్ళు కత్తిరించుకున్నాను.

రసీదు పుస్తకంలో ఆవిడ చిరునామా ఉంది.